వెంట్రుకవాసి తేడా

పోయిన నెల కలకత్తా న్యూ టౌన్‌లో ఒక పళ్ల డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చుని ఉన్నాను. దవడ ఒక పక్క వాచిపోయింది. పైకప్పులో అమర్చిన స్పీకర్లలోంచి సంగీతం వస్తోంది. పాట కాదు, రాగమూ కాదు. మంద్రంగా రెండు మూడు స్వరాలు ఒకదాని మీద ఒకటి మెత్తగా ఒరిగి, ఎక్కడ మొదలైందీ ఎక్కడ ముగిసిందీ తెలియకుండా సాగుతున్నాయి. ఎలక్ట్రానిక్ వాద్యాల మీద చేసే ఇలాంటి సంగీతం ఇప్పుడు చాలాచోట్ల వినిపిస్తుంది. ఆఫీసుల్లో పని మీద మనసు నిలవడానికి పెడతారు, ఆస్పత్రుల్లో భయం తగ్గడానికి పెడతారు. ఆ గదిలో ఉన్న ఆరేడుగురిలో ఎవరూ దాన్ని పట్టించుకున్నట్టు లేదు. నేను మాత్రం తలెత్తి స్పీకర్ల వైపు చూశాను. ఆ మెత్తదనానికి చాలా పైన, దోమ చెవి దగ్గర చేరినట్టు, సన్నటి కూత ఒకటి ఆగకుండా మోగుతోంది. లేచి వెళ్లి కౌంటర్లో ఉన్న అమ్మాయికి చెప్పాను. "ఇంతవరకూ ఎవరూ అనలేదు దీదీ" అంది ఆమె మర్యాదగానే. తిరిగొచ్చి కూర్చున్నాను. ఈశ్వరరావు బాబాయి గుర్తొచ్చారు.

ఆయన నాకు బంధువు కారు. పదేళ్లు ఆయన దగ్గర పనిచేశాను, అంతే. మా నాన్న రైల్వేలో గార్డు. నేను పుట్టిందీ పెరిగిందీ సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో. గుమ్మం లోపల తెలుగు, గుమ్మం దాటితే బెంగాలీ. పాత వారపత్రికలు ముందు పెట్టుకుని అమ్మ పట్టుబట్టి అక్షరాలు దిద్దించబట్టి ఈ నాలుగు మాటలూ రాయగలుగుతున్నాను. డిగ్రీ అయ్యాక శబ్దాన్ని ఎడిట్ చేసే పని నేర్చుకుని, సెక్టర్ ఫైవ్‌లో పాఠాలు రికార్డు చేసి అమ్మే ఒక ఆఫీసులో చేరాను. మాస్టార్ల దగ్గులూ తుమ్ములూ కత్తిరించడమే నా ఉద్యోగం. సాల్ట్ లేక్‌లో ఎవరో తెలుగాయన ధ్యానానికీ చదువుకీ పనికొచ్చే సంగీతం చేస్తున్నాడనీ, ఆయనకి సాయానికి మనిషి కావాలనీ తెలిసి, ఒక శనివారం పొద్దున్న వెళ్లాను.

ఒక ఇంటి మేడ మీద రెండు గదులు. బయటి చప్పుడు రాకుండా కిటికీలకి దూదిపరుపులు బిగించి ఉన్నాయి. గోడ పొడవునా పాత కీబోర్డులు, వాటి వెనక చిక్కుపడిన తీగలు. సన్నగా, పొడుగ్గా, ముడతలు పడ్డ చొక్కాతో ఉన్న మనిషి ఒకాయన ఒక కీబోర్డు అడుగుభాగం విప్పి అందులోకి తొంగి చూస్తున్నారు. "నమస్కారమండీ" అన్నాను. తెలుగు మాట విని తలెత్తారు.

"ఎవులమ్మాయివి?"

చెప్పాను.

"సంత్రాగాఛీ గుంటవా. రా, కూకో" అని, మరో మాట లేకుండా నా చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, ఏదో నొక్కి, పక్క గదిలోకి వెళ్లిపోయారు. ఇరవై నిమిషాలు కూర్చున్నాను. ఏదో వస్తుంది, రాసుకుందామని కలం పట్టుకుని కాచుకున్నాను. ఏమీ రాలేదు. తాళం లేదు, వరస లేదు. కొంతసేపటికి కలం పట్టుకున్న సంగతే మర్చిపోయాను. ఆయన తిరిగి వచ్చి ఎదురుగా నిలబడి, "ఏటి ఇన్నావు?" అన్నప్పుడు కలం పక్కన పెట్టేశాను. ఇది పరీక్ష అనీ, నేను తప్పాననీ అనుకున్నాను. అబద్ధమాడే తెలివి కూడా ఆ క్షణాన రాలేదు.

"ఏమీ వినలేదండీ. ఊరికే ఉండిపోయాను. సగం దాటాక ఒకచోట మాత్రం మెలకువ వచ్చినట్టయింది. ఎవరో తలుపు తీసినట్టు."

ఆయన ముఖం నల్లబడింది. హెడ్‌ఫోన్లు లాక్కుని, నిలబడే ఆ చోటు మళ్లీ మళ్లీ విన్నారు. నేను సంచీ భుజాన వేసుకుని లేచేశాను. "నిజమే" అన్నారు చివరికి, నాతో కాదు, తనలో తాను. "అక్కడ రెండు ముక్కలు అతికాను. అతుకు తెలిసిపోతన్నాది." అప్పుడు నావైపు తిరిగి, "సోమారం నుంచి వచ్చీ. అండీ గిండీ వద్దు, బాబాయి అను. ఇంతమంది బెంగాలీల మధ్య ఆ పిలుపు ఇని ఎన్నాళ్లయిందో" అన్నారు.

ఆయన తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఖిదిర్‌పూర్ డాక్‌లో మూటలు మోశాడు. ఒక్క గదిలో ఎనిమిది మంది. ఇంట్లో ఎవరైనా గొంతెత్తితే పుస్తకంలో అక్షరం కనబడేది కాదట. రేవులో ఓడ ఇంజను గంటల తరబడి ఒకే తీరుగా మోగుతుంటే మాత్రం లెక్కలు వాటంతటవే తేలిపోయేవట. తర్వాత రేడియోలు బాగుచెయ్యడం నేర్చుకున్నారు. పెళ్లిళ్లలో వాయించే బృందాలు పాడైపోయిన కీబోర్డులు తెచ్చి ఇచ్చేవి. బాగుచేశాక పరీక్షించడానికి ఒక మీట నొక్కిపట్టి వింటూ కూర్చునేవారు. ఒకరోజు అందులో తన ఓడ దొరికిందని చెప్పారు. అంతే, అక్కణ్ణించి ఆయన జీవితం ఆ దారి పట్టింది.

పనిలో చేరిన మొదటి వారంలోనే నాకు ఒక సంగతి చూపించారు. రెండు కీబోర్డుల మీద ఒకే స్వరం మోగించారు. "ఇను. రెండూ అచ్చంగా కలిసిపోయాయి. ఎలగున్నాది?" చల్లగా, గాజు ముట్టుకున్నట్టు ఉందన్నాను. ఒకదాని స్వరం సరిచేసే బిరడాని వేలి కొసతో కదిలీ కదలనట్టు తిప్పారు. స్వరం ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నట్టయింది, గది వెచ్చబడింది. "ఎంట్రుకంత తేడా. అంతే. అంతకన్నా ఎక్కువైతే గొడవ, తక్కువైతే మంచు" అన్నారు. ఆ వెంట్రుకవాసి తేడా కోసం పూటలు పూటలు కూర్చునేవారు. ఒకసారి నేను ముచ్చటపడి నాలుగు స్వరాల చిన్న వరస ఒకటి కలిపాను. మర్నాడు రావడంతోనే, "నిన్న ఆటోలో ఇంటికెళ్తా నాను దాన్ని కూనిరాగం తీసాను. తీసెయ్. గుర్తుండిపోయిందంటే మనం ఓడిపోయినట్టే" అన్నారు. వాదించబోతే కుర్చీ వెనక్కి తోసి లేచిపోయారు. జనానికి ప్రశాంతత తయారుచేసే ఆ మనిషి తాను మాత్రం ఒక్క పూట ప్రశాంతంగా ఉండగా నేను చూడలేదు. మేమందరం ఆయన చుట్టూ చప్పుడు కాకుండా నడిచేవాళ్లం. మేమందరం అంటే నేనూ, పనులు కుదుర్చుకొచ్చే, నేను అన్న వరసలో సుబీర్ దా అని పిలిచే బెంగాలీ ఆయనా, ఇద్దరమే.

నేను చేరిన ఏడో ఏట ఒక ఆస్పత్రి పని వచ్చింది. కీమో మందు ఎక్కించుకునే రోగులు పగలంతా కుర్చీల్లో కూర్చునే హాలు ఒకటి ఉంది. నాలుగైదు గంటలు కదలకుండా ఉండాలి. అక్కడికి సంగీతం కావాలన్నారు. బాబాయి మూడు రోజులు ఆ హాల్లో ఒక మూల కూర్చుని వచ్చారు. ఏం చూశారో చెప్పలేదు. రెండు నెలలు ఇంకో పని ముట్టుకోలేదు. తన దగ్గరున్న అన్నిటికన్నా పాత కీబోర్డు దించి, దుమ్ము దులిపి, దాని మీదే అంతా చేశారు. పూర్తయిన రోజున నన్ను పిలిచి వినమన్నారు. అంత వెచ్చని శబ్దం అంతకుముందు నేను వినలేదు. కానీ దాని పైన ఒక కూత ఉంది. సన్నగా, సూదిలా, మొదటినుంచి చివరిదాకా.

ఆయనకి తెలియకుండా ఉంటుందని నాకు తోచనే లేదు. అతుకు వినబడిందని ముఖం నల్లబడే మనిషి. ఏదో కారణం ఉండి ఉంచారనుకున్నాను. అయినా అడిగాను. "బాబాయ్, పైన సన్నగా ఉంది చూశారా, అది కావాలనే పెట్టారా?"

ఆయన నా పెదాల వైపు చూశారు. చూపు అక్కడే కాసేపు ఆగింది. "ఆఁ, ఉండనీ" అన్నారు.

అప్పటికి కొన్నాళ్లుగా నేను గమనిస్తున్నవి కొన్ని ఉన్నాయి. పక్కగదిలో కుక్కర్ కూత వేస్తే ఆయన కదిలేవారు కాదు. ఫోన్ టేబుల్ మీద వణికితేనే ఎత్తేవారు. మాట్లాడేటప్పుడు ముఖం కేసి చూసేవారు. ఇవన్నీ విడివిడిగా తెలుసు, కలిపి చూసే ధైర్యం చెయ్యలేదు. ఇంకోసారి అడిగితే కోపం వస్తుందని భయం. ఊరుకున్నాను. ఆస్పత్రిలో ఆ సంగీతం పెట్టారు.

మూడు వారాల తర్వాత ఆ హాలు చూసుకునే సిస్టర్ సుబీర్ దాకి ఫోన్ చేసింది. ఫిర్యాదు కాదు, ఊరికే అడుగుతున్నానంది. పౌలమి అని పందొమ్మిదేళ్ల అమ్మాయి ఉంది. ఏదో శబ్దం చెవిలో పొడుస్తోందని మొదటి రోజే అంది. పక్క కుర్చీల్లో ఉన్నవాళ్లు అరవై దాటినవాళ్లు, వాళ్లకేం వినబడలేదు. సిస్టర్‌కి వినబడలేదు, ఆ పిల్ల తల్లికీ వినబడలేదు. మందుకి భయపడి సాకులు చెబుతోందనుకున్నారు. తర్వాతి విడతలో చేతికి సూది ఉండగానే లేచి నిలబడి, ఆపండని అరిచింది. ఆ తర్వాతి విడతకి రాలేదు. ఆ హాల్లో అడుగు పెట్టనని గది తలుపు వేసుకుంది. "మీ సంగీతంలో ఏమైనా ఉందా దాదా?" అని సిస్టర్ అడిగింది.

సుబీర్ దా ఇదంతా మా ఇద్దరికీ చెప్పాడు. బాబాయి వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నారు. శబ్దాన్ని బొమ్మలా చూపించే పద్ధతి ఒకటి ఉంటుంది. మంద్రమైనవి కింద, సన్ననివి పైన కనబడతాయి. ఆ బొమ్మ తెరిచారు. పైన, ఈ చివరినుంచి ఆ చివరికి, తెల్లగా ఒక గీత. పాత కీబోర్డు కరెంటు పెట్టెలోంచి వచ్చిన కూత. ఆయన ఆ గీత మీద వేలు ఆనించి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, శబ్దం పెంచారు. ఇంకా పెంచారు. పక్కన నిలబడ్డ నాకే పళ్లు జివ్వుమన్నాయి. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"నీకిది ఇనబడతన్నాదా?"

"ఆఁ."

"ఎప్పట్నుంచి?"

"మొదటినుంచీ, బాబాయ్."

"మరి సెప్పలేదేటి?"

"అడిగాను. ఉండనీ అన్నారు."

హెడ్‌ఫోన్ల తీగ చుట్టి బల్ల మీద పెట్టారు. తర్వాత, గొంతు ఏమాత్రం పెంచకుండా అన్నారు. "నాకు ఇనబడక అన్నాను. సిగ్గుతో అన్నాను. నువ్వు బయపడి ఊరుకున్నావు. మనిద్దరం కలిసి ఆ పిల్లని కుర్చీలోంచి లేపేసాం."

అంతవరకూ ఆయన కోపం చాలాసార్లు చూశాను. ఆ రోజు కోపం లేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. సుబీర్ దా బెంగాలీలో మెల్లగా అందుకున్నాడు. "ఈశ్వర్ దా, ఇందులో పెద్ద ఇబ్బందేం లేదు. ఆ గీత తీసేసి కొత్తది పంపిద్దాం. వాళ్ల స్పీకర్లలో ఏదో లోపమని నేను చెబుతాను. ఎవరికి తెలుస్తుంది?"

"ఆ పిల్లకి తెలుసు" అన్నారు బాబాయి.

ఆ మధ్యాహ్నమే చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. గాజు గదిలో ఆయన్ని కూర్చోబెట్టి, చేతికి మీట ఇచ్చారు. శబ్దం వినబడినప్పుడల్లా నొక్కాలి. బయట నేను నిలబడ్డ చోటునుంచి శబ్దం పంపినప్పుడల్లా వెలిగే చిన్న దీపం కనబడుతోంది. మొదట్లో దీపం వెలగడం, ఆయన బొటనవేలు కదలడం ఒకేసారి జరిగాయి. తర్వాత దీపం వెలిగింది, వేలు కదల్లేదు. మళ్లీ వెలిగింది. కదల్లేదు. ఆయన కళ్లు మూసుకుని, ముందుకి వంగి, ఊపిరి బిగపట్టి వింటున్నారు. నేను గాజు మీద చెయ్యి వేసి నొక్కండి, నొక్కండి అని లోలోపల అనుకుంటున్నాను. ఒకసారి దీపం వెలగకుండానే నొక్కారు. అప్పుడు తల పక్కకి తిప్పేసుకున్నాను. చేతికిచ్చిన కాగితం మీద గీత కొంతదూరం తిన్నగా సాగి, ఒక్కసారిగా మెట్లు దిగినట్టు కిందికి పడిపోయింది. ఆయన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు.

మర్నాడు ఆస్పత్రికి వెళ్లి తప్పు మాదేనని డాక్టరుకి చెప్పారు. సంగీతం తీయించేశారు. ఆ అమ్మాయిని కలుస్తామంటే, తల్లిని అడిగి, ఆమె సరేనన్నాక సిస్టర్ బేహాలాలో ఇల్లెక్కడో చెప్పింది. నన్ను కూడా రమ్మన్నారు. టాక్సీలో వెళ్లాం.

తల్లి తలుపు తీసింది. మమ్మల్ని చూసి ఏం చెయ్యాలో తెలియక ముందుగదిలో కూర్చోబెట్టి టీ పెట్టబోయింది. పౌలమి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. తలకి నీలం గుడ్డ చుట్టుకుంది. కూర్చోలేదు. బాబాయి లేచి నిలబడ్డారు. బెంగాలీలో, చిన్నపిల్లతో మాట్లాడినట్టు కాక, తోటి పనివాడితో మాట్లాడినట్టు చెప్పారు. "నువ్వు సరిగ్గానే విన్నావమ్మా. అందులో కూత ఉంది. అది చేసింది నేను. నాకు వినబడలేదు. నా చెవులు పోయాయి." జేబులోంచి కాగితం తీసి చూపించారు. ఆమె తీసుకోలేదు. నావైపు చూసింది.

"ఈవిడకి కూడా వినబడలేదా?"

ఆ ప్రశ్న కోసమే దారంతా భయపడుతున్నానని అప్పుడు తెలిసింది. "వినబడింది" అన్నాను. "చెప్పలేదు."

"ఎందుకు?"

"ఈయన కోప్పడతారని."

ఆమె కొంతసేపు నన్నే చూసింది. ఆ చూపులో జాలి లేదు, తిట్టూ లేదు. తర్వాత టీ కప్పులతో వచ్చిన తల్లి వైపు తిరిగింది. "విన్నావా అమ్మా?" అంది. అంతే. ఆవిడ కప్పులు కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. పౌలమి గుమ్మంలోంచి కదల్లేదు.

"రేపు ఆ హాల్లో ఏం పెడతారు?" అంది బాబాయితో.

"నువ్వు ఏం పెట్టమంటే అది."

"ఏమీ పెట్టకండి. ఫ్యాన్ తిరిగితే చాలు."

"సరే" అన్నారు. తన పనితనం గురించి ఒక్క ముక్క చెప్పలేదు, బాగుచేసి తెస్తాననీ అనలేదు. రెండు చేతులూ జోడించి బయటికొచ్చేశారు. మెట్లు దిగుతూ గోడ పట్టుకుని ఆగారు. "మీకేమైనా..." అనబోతే, "ఏటీ లేదు. పద" అన్నారు.

పౌలమి తర్వాతి వారం వెళ్లింది. మిగిలిన విడతలన్నీ ఫ్యాను చప్పుడు మధ్యే పూర్తిచేసుకుంది. జుట్టు మళ్లీ వచ్చిందనీ, కాలేజీకి వెళ్తోందనీ తర్వాత సిస్టర్ చెప్పింది. ఆ హాల్లో మా సంగీతం మళ్లీ ఎప్పుడూ పెట్టలేదు. బాబాయి ఆ చెవి పరీక్ష కాగితాన్ని స్టూడియోలో, పని మాట్లాడ్డానికి వచ్చేవాళ్లు కూర్చునే కుర్చీకి ఎదురుగా గోడకి అంటించారు. అడిగినవాళ్లకి అదేమిటో చెప్పేవారు. కొందరు నవ్వి ఊరుకునేవారు, కొందరు మళ్లీ వచ్చేవారు కాదు. నెల తిరక్కుండా సుబీర్ దా వేరే పని చూసుకున్నాడు. చెవిలో యంత్రం పెట్టుకోమని నేను పోరితే పెట్టుకున్నారు గానీ, పనిచేసేటప్పుడు తీసి పక్కన పెట్టేవారు. స్పీకరు మీద అరచెయ్యి ఆనించి కింది స్వరాలు సరిచూసుకునేవారు. పైవన్నీ నాకు వదిలేశారు. "ఆకరి మాట నీది. నువ్వు వద్దంటే గుమ్మం దాటదు" అన్నారు.

అనడం తేలికే. ఆయన ఎదుట కూర్చుని వద్దని చెప్పాల్సిన ప్రతిసారీ ఆ మాట ముందుగా కాగితం మీద రాసుకునేదాన్ని. ఒకసారి గంట నిడివి ఉన్నదాన్ని మూడుసార్లు తిప్పి పంపాను. మూడోసారి చెప్పులేసుకుని వెళ్లిపోయారు. రెండు రోజులు రాలేదు, ఫోనుకి పలకలేదు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. మూడో రోజు వచ్చి, చొక్కా చేతులు మడుచుకుని, ఏమీ జరగనట్టు కీబోర్డు ముందు కూర్చున్నారు. మధ్యాహ్నం టీ తాగుతూ అన్నారు. "కోపం తగ్గలేదు. అయినా నువ్వు సెప్పడం మానొద్దు. నా కోపం సంగతి నాను సూసుకుంటాను, నువ్వు పని సూసుకో." రెండేళ్ల కిందట ఖిదిర్‌పూర్‌లో తమ్ముడి ఇంట్లో, పగటి నిద్రలోనే పోయారు. కబురు తెలిసి నేను వెళ్లేసరికి రేవు వైపునుంచి లారీల హారన్లు, పిల్లల అల్లరి, ఎవరిదో రేడియో. ఆయనకి అస్సలు గిట్టని చప్పుళ్లన్నీ ఆ గదిలో ఉన్నాయి.

ఇప్పుడు ఆ మేడ మీద గదుల్లో నేనే ఉంటున్నాను, పని నా పేరున సాగుతోంది. నాకూ నలభై దగ్గరపడ్డాయి. మొన్న వానల ముందు నేను చేసిన సంగీతాన్ని న్యూ టౌన్‌లో ఒక ఆఫీసు పెట్టుకుంది. పది రోజులకి అక్కడ పనిచేసే సుచరిత అనే అమ్మాయి ఉత్తరం రాసింది. కాలేజీ వదిలి ఏడాది కాలేదట. మధ్యలో ఒకచోట చెవి పక్కన ఏదో గీరినట్టుంటుందనీ, చుట్టుపక్కల ఎవరికీ అలా లేదనీ, తొందరపడి రాస్తే క్షమించాలనీ రాసింది. నేను ఆ చోటు నాలుగుసార్లు విన్నాను. ఏమీ లేదు. బొమ్మ తెరిచి చూశాను. అక్కడున్న మసకలో ఏది ఆ పిల్ల చెప్పేదో తెలియలేదు. ఏమీ లేదమ్మా, నీ భ్రమ అని రాయడానికి వేళ్లు కీబోర్డు మీదికి వెళ్లాయి కూడా. ఆ మాట రాయలేదు. ఆ మధ్యాహ్నమే వస్తానని జవాబిచ్చి, కంప్యూటర్ పట్టుకుని బస్సెక్కాను.

ఆమె నన్ను చూసి కంగారుపడింది. "నా భ్రమేనేమో దీదీ, మీరు ఇంతదూరం..." అంది.

"పక్కన కూర్చో. ఎక్కడ మొదలవుతుందో అక్కడ చెయ్యెత్తు. ఆగిపోగానే దించెయ్" అన్నాను.

ఆమె కళ్లు మూసుకుంది. కొంతసేపటికి చెయ్యెత్తింది. కొన్ని క్షణాలయ్యాక దించింది. మళ్లీ మొదటినుంచి పెట్టాను. అదే చోట ఎత్తింది, అదే చోట దించింది. నాకు ఏమీ వినబడలేదు. ఆమె చూపించిన చోట కోసేశాను.